పట్టిక కింద ఒక్క లైను

మా పత్రికలో ఏడో పేజీ మార్కెట్ పేజీ. పైన రెండు మూడు వార్తలు, పక్కన సూచీ ఎక్కిందో దిగిందో చూపించే వంకర గీత, దాని కింద పేజీ నిండా షేర్ల ధరల పట్టిక. ఆ పట్టిక ఎక్కడ ఆగితే అక్కణ్నుంచి పేజీ అంచు వరకూ మిగిలిన జాగా నాది. అందులో ‘మీకు తెలుసా?’ అనే బాక్స్ వస్తుంది. షేర్ మార్కెట్ల చరిత్రలోంచి రోజుకో ముచ్చట. పగలంతా నేను పదిమంది రాసిన వార్తలు దిద్దుతాను. అయినా ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మాత్రం ‘మీకు తెలుసా రాస్తాను’ అనే చెబుతాను. నాకు ఆ నాలుగు లైన్లంటే అంత ఇష్టం.

నాకు ఒక్క షేరు కూడా లేదు. కొనాలని ఎప్పుడూ అనిపించలేదు. షేర్ల కబుర్లంటే మాత్రం చెవి కోసుకుంటాను. యాపిల్ పండు కింద ఎందుకు పడుతుందో లెక్కగట్టిన మహానుభావుడు తన షేర్లు ఎప్పుడు పడతాయో లెక్కగట్టలేక చేతులు కాల్చుకున్నాడు. ఒకప్పుడు ఒక దేశంలో పూలమొక్క దుంప ధర ఇంటి ధర దాకా ఎక్కి, ఉన్నట్టుండి కూరల దుంప ధరకు దిగిపోయింది. ఇలాంటిది ఒకటి దొరికిన రోజు నేను బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకుంటాను. పక్క సీట్లో వాళ్లు కొంచెం జరిగి కూర్చుంటారు.

పట్టిక తయారుచేసేది నా పక్క కుర్చీ అన్న. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆఫీసంతా ఆయన్ని ‘పట్టికన్న’ అంటుంది, నేను ఉత్త ‘అన్నా’ అంటాను. కుర్చీ మీద వాళ్లావిడ కుట్టిచ్చిన నీలం దిండు, బల్ల మీద ఒక చెక్క స్కేలు. ధరలన్నీ కంప్యూటర్లోకి వాటంతటవే వచ్చిపడతాయి. అయినా అన్న వాటిని కాగితం మీద తీయించి, స్కేలును ఒక్కో వరుస కిందా పెట్టుకుని, పెదాలు కదుపుతూ ప్రతి అంకెనూ సరిచూస్తాడు. ఒక్క షేరు కూడా చేతులు మారని కంపెనీలు కొన్ని ఉంటాయి. వాటిని తీసేస్తే నాకు చోటు కలిసొస్తుంది కదా అని ఎన్నిసార్లు బతిమాలానో.

“కుదరదు చెల్లెమ్మా. ఆ ఒక్క పేరు కోసమే పేపరు కొనేవాడు ఒకడుంటాడు” అంటాడు.

“వాడెవడో చూపించు అన్నా, వాడికి నేనే ఫోన్ చేసి రోజూ ధర చెబుతాను.”

“నవ్వులాటకి చెప్పట్లేదు.”

ఆయన ఎప్పుడూ నవ్వులాటకి చెప్పడు. అదే ఆయనతో చిక్కు.

రోజూ మధ్యాహ్నం మార్కెట్ మూసిన తర్వాత మా ఇద్దరికీ కూరల బజార్లో జరిగేలాంటి బేరం జరుగుతుంది. నేను ఏడు లైన్లు అడుగుతాను. ఆయన మూడంటాడు. నేను ఆరంటాను. ఆయన స్కేలు జరుపుకుంటాడు. చివరికి నాలుగో ఐదో తేలుతుంది. పదిహేనేళ్లుగా ఇదే తంతు. నేను రాసింది ఆయన ఒక్కరోజు కూడా చదివిన పాపాన పోలేదు. ఎన్ని లైన్లుందో చూసి, “సరిపోయింది” అని తలూపి, బ్యాగు సర్దుకుంటాడు. నాకు లోపల మండుతుంది. ఇంత తియ్యగా రాస్తే స్కేలు పెట్టి కొలిచి వెళ్లిపోతాడేమిటి ఈ మనిషి అని.

పట్టిక అడుగున అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. ‘పట్టిక’ అని ఉండి, పక్కన అన్న పూర్తి పేరు. ఇంటిపేరూ, తాత పేరూ, నాన్న ముచ్చటపడి తగిలించిన మరో పేరూ కలిసి అది లైనులో సగానికి పైగా ఆక్రమిస్తుంది. ఎప్పుడో ఒక ఏడాది పట్టికలో ఒక్క తప్పూ రాలేదని పాత ఎడిటర్ మెచ్చుకున్నారట. జీతం పెంచమంటే పేరు వేయించారు. అన్న దాన్ని ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోడు గానీ, వాళ్లావిడకు మాత్రం తెల్లారితే ఆ లైనే కావాలి. వదిన పేపరు చేతిలోకి తీసుకోగానే నేరుగా ఏడో పేజీ అడుక్కి వెళ్లి, ఆ పేరు చూసి, మడిచి పక్కన పెట్టేస్తుంది. “ఆ పేరుందంటే మీ అన్నకి ఉద్యోగం ఉన్నట్టేగా. మిగతావి నాకెందుకమ్మా” అని నాతోనే ఒకసారి అంది.

అలాంటి సుఖమైన రోజుల్లో మార్కెట్ కూలింది.

మొదట ఎక్కడో ఇళ్ల మీద అప్పులిచ్చే కంపెనీ ఒకటి చేతులెత్తేసింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత రోజుకో కంపెనీ. అంతవరకూ ఏడో పేజీని వడియాలు ఎండబెట్టుకోవడానికి తప్ప వాడని వాళ్లు కూడా ముందు అదే తెరవడం మొదలుపెట్టారు. బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ సూచీ ఎంతని అడిగాడు. మా మెట్ల కింద టీ అమ్మే అతను నేను పత్రికలో పనిచేస్తానని తెలిసి, గ్లాసు నా చేతికివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా, రేపు లేస్తుందా?”

“రేపటి సంగతి నాకు తెలీదు తమ్ముడూ. మూడొందల ఏళ్ల కిందటి సంగతైతే చెబుతా.”

“అదెందుకక్కా నాకు?”

“అప్పుడూ పడింది. తర్వాత లేచింది.”

అతను కొంచెంసేపు ఆలోచించి గ్లాసు ఇచ్చాడు. “ఎన్నాళ్లకి లేచిందో కూడా రాయండక్కా” అన్నాడు.

ఇంట్లో మా అత్తయ్యకు ఈ గొడవేమీ పట్టలేదు. మామగారు ఎప్పుడో కొన్న దారాల ఫ్యాక్టరీ షేర్లు ఆవిడ పేరున ఉన్నాయి. అవి ఎంతకు దిగాయో నేనే చెప్పబోతే, “అది నాకెందుకే, ఇవాళ నీ ముచ్చటేంటో చెప్పు” అంది. అత్తయ్య నా ముచ్చట్లను లిఫ్టులో పంచుతుంది. ఏ అంతస్తు వాళ్లు ఎక్కినా ఆవిడ మొదటి మాట “మీకు తెలుసా?” అనే. లిఫ్టు కింద ఆగే లోపల ముచ్చట పూర్తి కావాలని నాకు షరతు కూడా పెట్టింది. నేను పొట్టిగా రాయడం ఆ లిఫ్టు దగ్గరే నేర్చుకున్నాను.

మార్కెట్ పడుతున్నకొద్దీ పట్టిక పెరిగింది. ఏడాదిలో అతి తక్కువ ధరకు దిగిన షేర్ల పేర్లు పట్టిక చివర విడిగా వేస్తారు. మామూలు రోజుల్లో అవి నాలుగైదు. ఇప్పుడు కాలమ్ నిండిపోయి పక్క కాలమ్‌లోకి పారాయి. నా ఐదు లైన్లు నాలుగయ్యాయి. నాలుగు మూడయ్యాయి.

“అన్నా, ఇది అన్యాయం.”

“పడ్డవాటి పేర్లు వెయ్యకుండా ఎలా చెల్లెమ్మా?”

“పడ్డవాటికి పెద్దపీట వేసి, నిలబడ్డదాన్ని నన్ను తోసేస్తున్నావు.”

ఆయన స్కేలు జరుపుకున్నాడు. కళ్ల కింద నల్లగా ఉంది. అన్ని కంపెనీలూ ఒక్కసారి పడుతుంటే సరిచూసే అంకెలు ఎక్కువయ్యాయి, మనిషి సగమయ్యాడు. పైగా పత్రికలో కూడా మనుషుల్ని తగ్గిస్తారని గుసగుసలు. మొదట ఎవర్ని తీస్తారు? కంప్యూటర్ చేసే పనిని స్కేలు పెట్టుకుని మళ్లీ చేసే మనిషినే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అన్నకూ తెలుసు, వదినకూ తెలుసు.

ఇంతలో నేనొక ఘనకార్యం చేశాను.

నేను ముచ్చట్లను ముందే రాసి కంప్యూటర్లో దాచిపెట్టుకుంటాను. విషయం వారీగా కాదు, లైన్ల వారీగా. మూడు లైన్లవి ఒకచోట, ఐదువి ఒకచోట, ఏడువి ఒకచోట. అన్న చోటు తేల్చగానే ఆ లెక్కలోంచి పైనున్నదాన్ని లాగి వేసేయడమే. ఏళ్ల తరబడి అలా చేసీ చేసీ నాకు కూడా అవి ముచ్చట్లుగా కాక కొలతలుగానే కనిపించసాగాయి. అన్నను ఏ తప్పుకు తిట్టుకున్నానో సరిగ్గా అదే నేనూ చేస్తున్నానన్నమాట.

పెద్ద బ్యాంకు ఒకటి తలుపులు మూసిన రోజది. పేజీ ఆలస్యమైంది. “మూడు” అన్నాడు అన్న. మూడు లైన్లలోంచి పైనున్నది లాగి పడేసి ఇంటికి పోయాను. తెల్లారి అత్తయ్య పేపరు పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

“ఏమే అమ్మాయ్, ఇవాళ్టిది లిఫ్టులో చెప్పనా వద్దా?”

చదివితే నాకు తల కొట్టేసినట్టయింది. ‘మీకు తెలుసా? ఒక మహానగరంలో షేర్ల ధరలు అచ్చయిన కాగితపు రిబ్బన్లను కిటికీల్లోంచి వీధిలోకి విసిరి పండగ చేసుకునేవారు. చూడటానికి జనం బారులు తీరేవారు!’ చివర ఆశ్చర్యార్థకం కూడా. సరిగ్గా దాని పైన బ్యాంకు ముందు బారులు తీరిన జనం ఫోటో.

ఆఫీసుకు వెళ్లేసరికి ఫోన్లు కందిరీగల్లా మోగుతున్నాయి. ఒకావిడ నాతోనే మాట్లాడింది. అరవలేదు. “మా అమ్మని తీసుకుని నిన్న పొద్దున్నించి ఆ లైన్లో నిలబడ్డామండీ. మాకది పండగలా లేదు” అని పెట్టేసింది. అరిచి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని. అలా మెల్లగా అనేసరికి ఏడుపొచ్చింది.

మా పేజీలన్నీ చూసే పెద్దసారు పిలిచారు. ఆయన కోపిష్టి కాదు, అందుకే ఆయనకు కోపం వస్తే భయం.

“రాసింది చదివే వేశావా అమ్మా?”

“లైన్లు సరిపోయాయి సార్.”

నా నోట్లోంచి వచ్చిన ఆ మాట నాకే వినలేనట్టుంది. ఆయన పేపరు మడిచారు. “ఈ రోజుల్లో ముచ్చట్లు ఎవడిక్కావాలి? ఆ చోటు కూడా ధరలకే పనికొస్తుంది. ఈ శుక్రవారంతో ఆపేద్దాం” అన్నారు.

శుక్రవారం రెండు రోజుల్లో ఉంది. సీటుకొచ్చి కూర్చున్నాను. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు, మనసు మాత్రం బావురుమంటోంది. ఒక పేజీ మూలన నాలుగు లైన్లు పోతే ఇంత దిగులా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా దిగులుగానే ఉంది. పదిహేనేళ్లుగా నా పేరు లేకుండా నాదిగా ఉన్న చోటు అదొక్కటే. అన్నకు చెప్పాను. ఆయన స్కేలు ఆపి నావైపు చూశాడు. మళ్లీ అంకెల్లో పడ్డాడు. ఆ పూట ఆయన మీద కూడా కోపం వచ్చింది.

శుక్రవారం మార్కెట్ తెరిచిన కాసేపటికే సూచీ ఎంత పడకూడదో అంతా పడింది. అంతగా పడితే వ్యాపారం ఆపేయాలని నియమం. ఆపేశారు. మధ్యాహ్నం తెరుస్తామన్నారు, తెరవలేదు. జరిగిన ఆ కాస్త వ్యాపారమూ చెల్లదని, మళ్లీ సోమవారమేనని ప్రకటన వచ్చింది. అంటే ఇవాళ ఒక్క షేరుకూ ధర లేదు. అంటే పట్టిక లేదు.

ఏడో పేజీ ముప్పాతిక భాగం తెల్లగా మిగిలిపోయింది. అంత తెల్ల పేజీని మేమెవ్వరమూ చూడలేదు. ప్రకటనలేమైనా ఉన్నాయా అని పెద్దసారు కింది అంతస్తుకు ఫోన్ చేశారు. ఈ గడ్డు రోజుల్లో ప్రకటనలిచ్చేదెవరు? ఉన్న ఒక్క పరుపుల కంపెనీ కూడా పొద్దునే రద్దు చేసుకుందట.

“నిన్నటి ధరలే వేసేస్తే?” అన్నారు పెద్దసారు.

అన్న కుర్చీలోంచి లేచాడు. ఆయన పెద్దసారు ముందు లేచి మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. “నిన్నటి ధర నిన్నటిది సార్. ఇవాళ వేస్తే అబద్ధమవుతుంది” అని మళ్లీ కూర్చున్నాడు.

పెద్దసారు తెల్ల పేజీ వంక, అన్న వంక, చివరికి నా వంక చూశారు. కాస్త ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు.

“నీ దగ్గర ఎన్ని ఉన్నాయమ్మా?”

“పేజీ నింపేటన్ని ఉన్నాయి సార్.”

“ఈసారి చదివి వెయ్యి.”

నక్క తోక తొక్కి వచ్చినట్టుంది నాకు. దిగులు ఎటు పోయిందో తెలియలేదు. లోకమంతా మునిగిపోతుంటే ఇంత సంతోషమేమిటని సిగ్గేసింది గానీ, సంతోషం సంతోషమే. ముచ్చట్లన్నీ కాగితం మీద తీయించి బల్ల మీద పరిచాను. ఒక్కొక్కటీ ఆ ఫోన్ చేసినావిడ చదువుతోందనుకుని చదవడం మొదలుపెట్టాను. ఎగతాళిగా ఉన్నవి తీసేశాను. గొప్పలకు పోయినవి తీసేశాను. పడి లేచినవి, ఆగి మళ్లీ మొదలైనవి, మనుషుల వెర్రితనం చూసి నవ్వుకోగలిగినవి మిగుల్చుకున్నాను.

అన్నకు చేసేందుకు పనిలేదు. స్కేలు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. పనిలేకుండా కూర్చోవడం రాని మనిషి. కాసేపటికి, ఇంకేం చేయాలో తోచక, బల్ల మీంచి ఒక కాగితం తీసి చదివాడు. అలవాటుగా స్కేలును లైను కింద పెట్టుకునే చదివాడు. తర్వాత ఒక వింత శబ్దం వినబడింది. తలెత్తి చూస్తే అన్న నవ్వుతున్నాడు. భుజాలు ఊగుతున్నాయి, కళ్లజోడు ముక్కు మీదికి జారింది.

“ఉడుతా?” అన్నాడు.

“ఉడుతే.”

“నిజంగానే ఒక ఉడుత కరెంటు తీగల్లో దూరితే అంత పెద్ద మార్కెట్ ఆగిపోయిందా?”

“గంటకి పైగా.”

“అయ్యో, పాపం ఆ పూట అక్కడ పట్టిక వేసేవాడు ఏం చేశాడో” అని, మళ్లీ నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు. “ఇవన్నీ ఇన్నాళ్లూ నా పక్కనే కూర్చుని రాశావా చెల్లెమ్మా?”

“నువ్వు స్కేలు పెట్టి కొలుస్తుంటే రాశానన్నా.”

ఆయన స్కేలు పక్కన పెట్టాడు. ఇంకో కాగితం తీసుకున్నాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం కలిసి పేజీ నింపాం. రెండు ఊళ్ల మధ్య తంతి తీగ లేని చోట షేర్ల ధరలు మోసిన పావురాలు, గోల భరించలేక పెద్ద భవనంలోంచి గెంటేస్తే కాఫీ దుకాణంలో చేరి చివరికి అక్కడే మార్కెట్ పెట్టుకున్న బ్రోకర్లు, యుద్ధం వచ్చి నెలల తరబడి మూతపడి మళ్లీ తెరుచుకున్న మార్కెట్, నల్లబల్ల మీద సుద్దముక్కతో ధరలు రాసిన కుర్రాళ్లు. ఉడుతను అన్నిటికన్నా పైన, మధ్యలో పెట్టాలని అన్న పట్టుబట్టాడు. పెట్టాను. పేజీ మొత్తానికి ఒకే శీర్షిక, పెద్ద అక్షరాల్లో, ‘మీకు తెలుసా?’

శనివారం పొద్దున అత్తయ్య లిఫ్టులోంచి చాలాసేపు దిగలేదట. ఆఫీసుకు ఫోన్లు వచ్చాయి, ఈసారి మంచివి. ఒకాయన పావురాల సంగతి ఇంకా చెప్పమన్నాడు. మెట్ల కింద టీ అతను డబ్బులు తీసుకోనన్నాడు. ఆ గాల్లో తేలుతున్న సమయానికి వదిన ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“ఏమ్మా, నిజం చెప్పు. మీ అన్నని తీసేశారా?”

“తీసెయ్యడమేంటి వదినా?”

“అడుగున పేరు లేదు. పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను. అడిగితే ఏమీ లేదంటున్నారు. ఆయన నాకు చెప్పరు. నువ్వు చెప్పు.”

పట్టికే లేదు కనుక పేరు లేదని, సోమవారం మార్కెట్ తెరిస్తే మంగళవారం పేరు వస్తుందని ఎంత చెప్పినా ఆవిడకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. “మంగళవారం చూస్తాను” అని పెట్టేసింది. నాకు అంత సంతోషంలోనూ మనసు చివుక్కుమంది. నా పేజీ నిండటమంటే ఆవిడ లైను పోవడమని నాకు తట్టనే లేదు.

సోమవారం మార్కెట్ తెరిచింది. పడ్డవి పడ్డాయి, లేచినవి లేచాయి. పట్టిక మాత్రం ఎప్పుడూ లేనంత పొడుగైంది. నేను ఆశగా పెద్దసారు దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వారు.

“శనివారం పేజీ చాలా బాగుందమ్మా. మా ఇంట్లో కూడా చదివారు. కానీ చోటు ఎక్కడుంది? పట్టిక తర్వాత ఒక్క లైను మిగిలినా నీదే, వేసుకో. మిగలకపోతే మాత్రం నన్నడగొద్దు.”

వచ్చి అన్న పక్కన నిలబడ్డాను. పేజీ తెర మీద ఉంది. పట్టిక అంచుదాకా కిక్కిరిసి ఉంది. చివరి కంపెనీ, దాని కింద అన్న పేరు, దాని కింద పేజీ అంచు. వెంట్రుక దూరే సందు లేదు. చేతులు మారని కంపెనీలను తీసేయమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ ఒక్క పేరు కోసం పేపరు కొనేవాళ్లు ఉంటారని శనివారం ఫోన్లో విన్నాను కదా.

“ఈసారికి ఇంతే అన్నా” అని, టీ గ్లాసు కడుక్కోవడానికి వెళ్లాను. కుళాయి దగ్గర కొంచెంసేపు ఉన్నాను. మొహం కూడా కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి అన్న బ్యాగు సర్దుకుంటున్నాడు. “ఒక్క లైను” అన్నాడు. “అంతకన్నా లేదు. బేరాల్లేవు.”

తెర వంక చూశాను. పట్టికలో కంపెనీలన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. దాని కింద ఒక్క లైను ఖాళీగా, తెల్లగా ఉంది. అక్కడ ఉండాల్సిన పేరు లేదు.

“అన్నా! ఏం చేశావు?”

“ఆ లైను చదివేది ఒక్క మనిషి. నీది చదివేవాళ్లు ఊరంతా ఉన్నారు. లెక్క నీకే చెప్పాలా?”

“ఆ ఒక్క మనిషి శనివారం నాకు ఏడుస్తూ ఫోన్ చేసింది.”

“చెప్పుకుంటాలే” అన్నాడు ఆయన, చెప్పులు వేసుకుంటూ. చెప్పుకోలేడని ఇద్దరికీ తెలుసు. “ఉడుతలాంటిదేదైనా వెయ్యి” అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. స్కేలు బల్ల మీదే మర్చిపోయాడు.

ఆ మనిషి మీద పదిహేనేళ్లుగా పెంచుకున్న మంటంతా ఒక్కసారి కరిగి నీరైపోయింది. కుర్చీలో కూర్చుని ఆ తెల్ల లైను చూస్తూ ఉండిపోయాను. ఒక్క లైన్లో ఏ ముచ్చట పడుతుంది? పావురాలు పట్టవు. కాఫీ దుకాణం పట్టదు. ఉడుతను ఎంత నొక్కినా తోక బయట ఉండిపోతోంది. అప్పుడు తట్టింది. శీర్షికను కూడా ఆ లైన్లోకే లాగి, అన్న స్కేలు తెరకు ఆనించి కొలిచి, టైపు చేశాను. సరిగ్గా అంచుకు వచ్చి ఆగింది. ఒకటికి రెండుసార్లు చదివాను. పేజీ పంపేశాను.

మంగళవారం తెల్లవారగానే ఫోన్ మోగింది. వదిన.

“అడుగున చూశానమ్మా. ‘పట్టిక’ అని లేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు. పేపరు పక్కన పడేశాను కూడా. మళ్లీ ఎందుకో తీసి చూశాను.” గొంతు తగ్గించింది. “నిజం చెబుతున్నా, ఏమనుకోకు, నీ బాక్స్ నేనెప్పుడూ చదవను. ఇవాళే చదివాను.”

“ఏముంది వదినా అందులో?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

వదిన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చదివింది. “మీకు తెలుసా? ఈ అంకెలన్నీ రోజూ సరిచూసేది...” ఆ తర్వాత అన్న పేరు, ఇంటిపేరుతో, తాత పేరుతో, వాళ్ల నాన్న ముచ్చటపడి తగిలించిన పేరుతో సహా.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“నాకు తెలుసమ్మా” అంది వదిన. “నాకు ఎప్పట్నించో తెలుసు.”

ఆ రోజు మధ్యాహ్నం అన్న వచ్చి, దిండు సర్దుకుని, స్కేలు తీసుకుని, ఏమీ జరగనట్టు అంకెల్లో తలదూర్చాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పట్టిక పూర్తయ్యాక చూస్తే అడుగున మళ్లీ ఒక్క లైను ఖాళీ.

“మళ్లీ ఏంటన్నా ఇది? నీ పేరు పెట్టు.”

“నిన్న వేశావుగా. నాకది చాలా ఏళ్లకి సరిపోతుంది.”

“మరి వదిన?”

“చెప్పాను” అన్నాడు స్కేలు వంక చూస్తూ. “ఇకనుంచి అడుగున నీ ‘మీకు తెలుసా’ కోసం చూడమన్నాను. అదుంటే నేనున్నట్టే అన్నాను.”

ఆయన ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు.

“ఉడుత ఒక్క లైన్లో పడుతుందా చెల్లెమ్మా?”

“చూద్దాం అన్నా” అన్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని ఇద్దరం ఉడుతను ఒక్క లైన్లోకి దూర్చే పనిలో పడ్డాం.